తెగులు పేరు ఒకటి, వైరస్ వేరొకటి: ప్రాణహిత ఒడ్డు చేలలో ఆతిథేయి మొక్కల లెక్క

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట సిరొంచ తాలూకా ఉంది. వంతెన దాటితే కాళేశ్వరం. కచేరీ కాగితాలు మరాఠీలో ఉన్నా ఇళ్లలోనూ చేలలోనూ కూలీల మధ్యనూ ఎక్కువగా వినిపించే మాట తెలుగే. ఇక్కడి మిరప తోటలో ఆకు ముడుచుకుపోతే పెద్దవాళ్లు బొబ్బర తగిలిందంటారు, మందుల దుకాణంలో దాన్నే చురడా-మురడా అంటారు, చదువుకున్న కుర్రవాళ్లు జెమిని వచ్చిందంటారు. ఈ మూడు పేర్లూ ముడిచిన ఆకును చూసి అన్నవే. వాటిలో చివరిది మాత్రమే ఒక వైరస్ కుటుంబాన్ని సూచిస్తుంది, అది కూడా చాలాసార్లు పరీక్ష లేకుండానే వాడుతున్న మాట. ఏ పేరు వినబడితే ఆ పేరుకు తగిన మందు డబ్బా చేతికి వస్తుంది కాబట్టి, పేరు తప్పితే ఖర్చూ తప్పుతుంది, కాలమూ తప్పుతుంది.

మిరప ఆకు ముడవడానికి కనీసం మూడు వేర్వేరు కారణాలున్నాయి. తామర పురుగులు గీకి రసం పీల్చితే ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటాయి; తెలుగు రైతులు దీన్ని పై ముడత అంటారు. తెల్లనల్లి పట్టితే అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా మారతాయి, ఆకు కాడలు సాగుతాయి. ఇది కింది ముడత. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల ఆకు చిన్నదై పైకి ముడుచుకుంటుంది, ఈనెలు దళసరెక్కుతాయి, ఈనెల మధ్య భాగం పసుపు తిరుగుతుంది, కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా గిడసబారిపోతుంది. పుస్తకంలో ఇవి మూడు విడివిడి బొమ్మలు. చేనులో అవి ఒకే మొక్క మీద కలిసి ఉంటాయి. 2021 నుంచి తెలుగు రాష్ట్రాల మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు, అంటే త్రిప్స్ పార్విస్పైనస్, పూతలో చేరడంతో ఈ గందరగోళం మరింత పెరిగింది. రైతు చేతిలో ఉన్న ఒక నమ్మదగిన ఆనవాలు కొత్త చిగురు: నల్లినో తామర పురుగునో అదుపు చేశాక వచ్చే చిగురు మామూలుగా విచ్చుకుంటే కారణం పురుగే, పురుగు పోయాక కూడా చిగురు ముడుచుకునే వస్తుంటే మొక్క లోపల వైరస్ ఉందని అనుమానించాలి. ఇక్కడితో తేలేది వైరస్ ఉందా లేదా అన్నది మాత్రమే. ఏ వైరస్ అన్నది తేలదు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఆకు ఎలా కనిపిస్తున్నదన్న దానికంటే, ఆ వైరస్ ఇంకా ఏయే మొక్కల్లో బతుకుతుంది, ఏ మొక్కలోకి పోలేదు, ఒకదాని నుంచి మరొకదానికి దేని మీద ఎక్కి వస్తుంది అన్న విషయాలు ఎక్కువ చెబుతాయి. ఒక వైరస్ సోకగల మొక్కల జాబితాను దాని ఆతిథేయి పరిధి అంటారు. వైరస్‌ను గుర్తించే శాస్త్రం దాదాపు అర్ధశతాబ్దం పాటు ఈ జాబితా మీదే ఆధారపడింది. ఇప్పుడు జన్యు పరీక్షలు వచ్చాక గుర్తింపులో దాని పాత్ర తగ్గినా, వైరస్ ఎండాకాలం ఎక్కడ దాక్కుంటుందో, వచ్చే పంటకు ఎటునుంచి వస్తుందో చెప్పడానికి అంతకు మించిన ఆధారం లేదు.

మొక్కల వైరస్‌కు ఇంత ఎంపిక ఎందుకో ముందు చూడాలి. మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది. వైరస్ దాన్ని సొంతంగా ఛేదించలేదు. పురుగు ముట్టె పొడిచినప్పుడో, ఆకు రాపిడికి గాయపడినప్పుడో మాత్రమే లోపలికి పోగలదు. లోపలికి పోయాక ఆ కణంలోని యంత్రాంగాన్ని వాడుకొని తన ప్రతులు చేసుకోవాలి. ఆ తర్వాత కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నని దారుల గుండా పక్క కణాల్లోకి సాగాలి, ఇందుకు చాలా వైరస్‌లు ప్రత్యేకమైన ఒక ప్రొటీన్‌ను తయారు చేసుకుంటాయి. చివరికి ఆహారం ప్రవహించే నాళాల్లోకి చేరి చిగుళ్లకూ వేళ్లకూ పాకాలి. ఈ మెట్లలో ఏ ఒక్కటి తప్పినా ఆ మొక్క ఆ వైరస్‌కు ఆతిథేయి కాదు, లేదా సగం ఆతిథేయి మాత్రమే అవుతుంది. మిరపలో కొన్ని రకాలు పొటివైరస్ అనే వర్గపు వైరస్‌లను తట్టుకోవడానికి కారణం ఇదే: వైరస్ తన ప్రొటీన్ల తయారీకి ఆసరా చేసుకునే ఈఐఎఫ్4ఈ అనే మొక్క ప్రొటీన్ ఆ రకాల్లో కొద్దిగా మారి ఉంటుంది, వైరస్‌కు పట్టు దొరకదు. ఇంకొన్ని మొక్కలు వైరస్ అడుగుపెట్టిన చోట తమ కణాలను తామే చంపుకొని దాన్ని అక్కడే బంధిస్తాయి. బయటికి అది ఒక చిన్న ఎండు మచ్చలా కనిపిస్తుంది.

ఆ ఎండు మచ్చే వైరస్ శాస్త్రానికి తొలి కొలబద్ద అయింది. పొగాకు మొజాయిక్ వైరస్ కథ చాలామందికి తెలిసిందే: 1892లో ఇవనోవ్‌స్కీ, బ్యాక్టీరియాను ఆపే వడపోత గుండా వచ్చిన రసం కూడా రోగాన్ని కలిగిస్తుందని చూపారు; 1898లో బైజరింక్ అది బ్యాక్టీరియా కాని వేరే తరహా రోగకారకమని వాదించారు; 1935లో స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా వేరు చేశారు. వీటికంటే రోజువారీ పనికి ఎక్కువ ఉపయోగపడింది 1929లో ఫ్రాన్సిస్ హోమ్స్ గమనించిన చిన్న విషయం. పొగాకుకు బంధువైన నికోటియానా గ్లుటినోసా అనే మొక్క ఆకు మీద ఈ వైరస్ రసాన్ని రుద్దితే, మొక్క మొత్తానికి మొజాయిక్, అంటే లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు, రాకుండా రుద్దిన చోటే విడివిడి మచ్చలు వస్తాయి, ఆ మచ్చల సంఖ్య రసంలోని వైరస్ మోతాదును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. కంటికి కనబడని దాన్ని లెక్కపెట్టే దారి అలా దొరికింది. ఈ ప్రతిస్పందనకు కారణమైన ఎన్ అనే జన్యువును 1994లో వేరు చేశారు. ఇదే వైరస్ సిరొంచ ప్రాంతానికి మరో విధంగా కూడా సంబంధించినది. శుద్ధి చేసిన పొగాకులో సైతం అది చావదు, దాన్ని అచేతనం చేయడానికి పది నిమిషాల పాటు 90 డిగ్రీలు దాటిన వేడి కావాలి. అందువల్ల ఖర్రా, అంటే పొగాకు, వక్క కలిపి నమిలేది, నలిపిన చేత్తోనే మిరప నారు పీకి నాటితే వైరస్ ఆ చేతి నుంచే నారుకు అంటే అవకాశముంది. నాటే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలన్న సలహా వెనుక ఉన్నది ఈ లెక్కే.

ఇలా వైరస్‌ను పట్టిచ్చే సూచిక మొక్కల పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. రోగం కనిపిస్తున్న లేత ఆకును రోట్లో ఫాస్ఫేట్ బఫర్ ద్రావణంతో కలిపి నూరుతారు. సూచిక మొక్క ఆకు మీద కార్బొరండం అనే గరుకు పొడిని పలుచగా చల్లుతారు, అది కంటికి ఆనని గాట్లు పెడుతుంది. రసంలో ముంచిన వేలితో ఆ ఆకును ఒక్కసారి మెత్తగా రాసి, వెంటనే నీళ్లతో కడిగేస్తారు. గట్టిగా రుద్దితే కణాలు చచ్చిపోతాయి, చచ్చిన కణంలో వైరస్ పెరగదు. అంతకంటే మెత్తగా రాస్తే గాటు పడదు. చేయి తిరిగినవారి పనికీ కొత్తవారి పనికీ ఇక్కడే తేడా వస్తుంది. పక్కన మరో మొక్కకు ఉత్త బఫర్ మాత్రమే రాసి ఉంచాలి, లేకపోతే వచ్చిన మచ్చ వైరస్‌దో రాపిడిదో చెప్పలేరు. వేరుశనగలో వచ్చే మొవ్వుకుళ్లు వైరస్ లాంటివి బయటి గాలికి, వేడికి చప్పున నీరసిస్తాయి కాబట్టి చల్లని ద్రావణంలో, రసం పాడవకుండా ఆపే మందు కలిపి, మంచు మీద ఉంచి, తొందరగా పని ముగించాలి. బొబ్బర్ల రకం సి-152 మొలకల ఆకుల మీద ఆ వైరస్ రాస్తే నాలుగైదు రోజుల్లో వలయాల మధ్య వలయాలుగా మచ్చలు లేస్తాయి. పొగాకు, ఉమ్మెత్త, బొబ్బర్లు, దోస, చీనోపోడియం వంటి డజను మొక్కలను వరుసగా పెట్టి, దేనిమీద స్థానిక మచ్చ వచ్చింది, దేనిలో మొక్కంతా పాకింది, దేనిమీద ఏమీ రాలేదు అని రాసుకుంటే ఆ వైరస్‌కు ఒక గుర్తింపు పట్టీ తయారవుతుంది.

ఆ పట్టీని చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, ఏమీ కనబడని మొక్క అంటే వైరస్ సోకని మొక్క అని కాదు. లోపల వైరస్ నిండుగా ఉండి పైకి పచ్చగా నవనవలాడే మొక్కలు ఎన్నో ఉన్నాయి. అందుకే లక్షణం లేని ప్రతి మొక్క నుంచీ, రుద్దిన ఆకును వేరుగా పై చిగురును వేరుగా తీసి, మళ్లీ సూచిక మొక్క మీద పరీక్షించాలి. ఈ తిరుగు పరీక్ష లేకుండా రాసిన ఆతిథేయి జాబితాలు సగం నిజాలే. రెండవది, ప్రయోగశాలలో సోకే మొక్కలు వేరు, పొలంలో సోకే మొక్కలు వేరు. ఆస్ట్రేలియాకు చెందిన నికోటియానా బెంథామియానా అనే మొక్కలో వైరస్‌లను అణచే ఒక జన్యువు దెబ్బతిని ఉంది, అందువల్ల లెక్కలేనన్ని వైరస్‌లు అందులో పెరుగుతాయి. ఆ మొక్కలో పెరిగిందని ఒక వైరస్‌ను బహుభక్షి అనుకుంటే పొరపాటే. ఏ జాబితా అయినా ఎవరు ఎన్ని మొక్కలను పరీక్షించారన్న దాన్ని బట్టి పెరిగేదే తప్ప వైరస్ పుట్టుకతో తెచ్చుకున్న స్థిరమైన అంకె కాదన్న సంగతిని పాఠ్య పుస్తకాలు తగినంత గట్టిగా చెప్పవు.

ఈ పరిధుల్లో రెండు కొసలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. కుకుంబర్ మొజాయిక్ వైరస్ నూరు పైచిలుకు కుటుంబాలకు చెందిన వెయ్యికి మించిన మొక్క జాతులకు సోకుతుంది. ఎనభైకి పైగా పేనుబంక జాతులు దాన్ని మోస్తాయి, ఆకును కొన్ని సెకన్లు రుచి చూసిన పేను కూడా దాన్ని అంటించుకొని పక్క మొక్కకు చేరుస్తుంది. మిరప, టమాటా, దోస, గట్టు మీది కామంచి, అన్నీ దానికి ఇళ్లే. పురుగుమందు కొట్టి దీన్ని ఆపడం కష్టం, ఎందుకంటే పేను చచ్చేలోపే వైరస్ దిగిపోతుంది.

రెండో కొసన కంది గొడ్డుమోతు తెగులు ఉంది. ఆకులు చిన్నవై లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలతో మొక్క గుబురుగా పెరుగుతుంది కానీ పూత రాదు, కాయ కాయదు. తెలుగులో గొడ్డుమోతు, మరాఠీలో వాంఝ్. రెండు భాషల వాళ్లూ విడివిడిగా చూసి ఒకే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఈ తెగులు గురించి 1931లోనే బీహార్‌లోని పూసా నుంచి రాశారు. ఆసెరియా కజాని అనే నల్లి దాన్ని మోస్తుందని 1962లో తేలింది. కారకమైన వైరస్ మాత్రం 2000 వరకూ చేతికి చిక్కలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు స్కాట్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి దాన్ని పట్టుకున్నారు. దాదాపు డెబ్బై ఏళ్లు పట్టడానికి ఆతిథేయి పరిధి కూడా ఒక కారణమనే చెప్పాలి. ఈ వైరస్ రసం రుద్దితే మామూలు సూచిక మొక్కలకు పోదు, నికోటియానా బెంథామియానా వంటి ఒకటి రెండింటికి అతి కష్టం మీద పోతుంది. కాబట్టి పాత పరీక్ష పద్ధతికి అది కనబడనే లేదు. పొలంలో దాని పరిధి ఇంత చిన్నదిగా ఉండటానికి వైరస్ కంటే నల్లి స్వభావమే పెద్ద కారణం. మిల్లీమీటరులో అయిదో వంతు ఉండే ఆ నల్లి కంది మీదా, కందికి దగ్గరి బంధువులైన అడవి మొక్కల మీదా తప్ప వేరే చోట కాపురం చేయలేదు. దీని ఫలితం రైతుకు నేరుగా పనికొచ్చేది: ఈ తెగులుకు కలుపు మొక్కల భయం దాదాపు లేదు. కోత తర్వాత మళ్లీ చిగిర్చిన కంది మోళ్లు, పెరట్లో రెండేళ్లుగా నిలిచిన కంది చెట్టు, గట్టు మీద తానే మొలిచిన కంది మొక్క, వీటిని తీసేస్తే వైరస్‌కు ఎండాకాలపు ఇల్లే ఉండదు. రాజురా నుంచి సిరొంచ దాకా పత్తిలో అంతర పంటగా కంది వేసే రైతులకు ఇంత చవకైన నివారణ మరొకటి లేదు.

పరిధి తెలియకపోతే ఎంత నష్టమో 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా చూసింది. వేరుశనగ మొక్కల మొవ్వు ఆకుల మీద ఎండు మచ్చలు లేచి, కాడల గుండా కాండంలోకి దిగి, మొక్కలు నిలువునా చచ్చిపోయాయి. చూసినవాళ్లు మొదట దాన్ని పాత పరిచయస్థుడైన మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు. రెంటికీ తామర పురుగుతో సంబంధం ఉంది, రెంటిలోనూ మొవ్వు మాడుతుంది. తేడా లేకపోలేదు: మొవ్వుకుళ్లులో మొక్క గిడసబారి పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి, చాలా మొక్కలు బతికే ఉంటాయి, కొత్త తెగులులో త్వరగా సోకిన మొక్క మొత్తమే చచ్చిపోతుంది. యాంటీబాడీ పరీక్షలు చేశాక అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది, 1997లో కర్ణాటక పొద్దుతిరుగుడులో కనబడిన ఎండు తెగులుకు కారణమైనది కూడా అదే. అప్పటికి దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది.

ఆ వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు గట్ల మీద ఉంది. వయ్యారిభామ, అంటే కాంగ్రెస్ గడ్డి, మరాఠీలో గాజర్ గవత్, ఆ వైరస్‌ను పైకి ఏ లక్షణమూ లేకుండా మోస్తుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకుంటుంది, అవి వేరుశనగ లేత ఆకును గీకినప్పుడు ఆ గాటులో వైరస్ దిగుతుంది. ఇక్కడ పురుగు వైరస్‌ను తన కడుపులో పెంచడం లేదు, పుప్పొడిని చేరవేస్తోంది, అంతే. మొవ్వుకుళ్లులో జరిగేది దీనికి పూర్తిగా భిన్నం: ఆ వైరస్‌ను తామర పురుగు పిల్ల దశలోనే తాగాలి, అది పురుగు ఒంట్లో వృద్ధి చెందుతుంది, రెక్కలొచ్చాక పురుగు దాన్ని బతికినన్నాళ్లూ పంచుతుంది. కాబట్టి ఒకే పురుగు పేరు చెప్పి రెండు తెగుళ్లకూ ఒకే మందు రాయడం తప్పు. అనంతపురంలో వచ్చిన ఆ కొత్త తెగులుకు, అంటే కాండం కుళ్లుకు, అసలైన పని వర్షాలకు ముందే వయ్యారిభామను పూత రాకుండా పీకేయడం, చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగైదు సాళ్లు దట్టంగా వేసి గాలిలో వచ్చే పురుగుకు అడ్డు కట్టడం. వయ్యారిభామ చంద్రపూర్, యవత్మాళ్, నాందేడ్ జిల్లాల రోడ్ల పక్కన ఏ లోటూ లేకుండా పెరుగుతోంది, ఈ వైరస్ పత్తికి కూడా సోకుతుంది. పత్తి మీదే బతికే ఈ జిల్లాల్లో రోడ్డు పక్క కలుపును ఎవరి బాధ్యతా కానట్టు వదిలేయడం బాధ కలిగించే విషయం.

మొవ్వుకుళ్లు వైరస్ గుర్తింపు సైతం ఒకసారి దిద్దుకోవలసి వచ్చింది. లక్షణాలు, వాహకం, ఆతిథేయి మొక్కలు దగ్గరగా కలవడంతో దాన్ని చాలాకాలం ప్రపంచమంతా తెలిసిన టమాటో స్పాటెడ్ విల్ట్ వైరస్ అనే భావించారు. 1992లో ఇక్రిశాట్‌కు చెందిన డి.వి.ఆర్. రెడ్డి, ఆయన సహచరులు యాంటీబాడీల సాయంతో అది వేరే వైరస్ అని నిరూపించారు. వేరుశనగ, టమాటా, మిరప, పెసర, మినుము అన్నీ దానికి ఆతిథేయిలే. మినుములో తలమాడు అన్నా టమాటాలో చిగురు మాడడం అన్నా వేరుశనగలో మొవ్వుకుళ్లు అన్నా, చాలాసార్లు వెనకున్నది ఇదొక్కటే. ఒకే ఆకు ముడతకు మూడు కారణాలుండటం ఎంత నిజమో, మూడు పంటల్లో మూడు పేర్లతో తిరిగేది ఒకే వైరస్ కావడమూ అంతే నిజం. వరిలో తుంగ్రో అయితే ఇంకో రకం: ఒక తెగులు, రెండు వైరస్‌లు. లక్షణాలు తెచ్చేది ఒకటి, పచ్చ దీపపు పురుగు మీద దాన్ని ఎక్కించి తిప్పేది మరొకటి. రెండోది తోడు లేకపోతే మొదటిది పొలం దాటదు.

మళ్లీ మిరప దగ్గరికి వస్తే, జెమిని వైరస్‌ల విషయంలో రసం రుద్దే పరీక్ష సాధారణంగా పనిచేయదు. రెండు గోళాలు కవలల్లా అతుక్కున్న ఆకారం వల్ల ఆ పేరు వచ్చింది; లోపల దాదాపు 2,700 అక్షరాల డీఎన్ఏ వలయం ఉంటుంది, నాళాల దగ్గరి కణాలకే అంటిపెట్టుకొని ఉండటం వల్ల పై పొర మీద రాసిన రసం అక్కడిదాకా చేరదు. తెల్లదోమలను పంజరంలో పెట్టి సోకించాలి, లేదా అంటు కట్టాలి. 1977లో మొక్కల వైరస్‌లకు వాడుకలోకి వచ్చిన, యాంటీబాడీలతో చేసే ఎలైసా పరీక్ష వందల నమూనాలను ఒక్క రోజులో చూడగలదు, కానీ తెల్లదోమ మోసే జెమిని వైరస్‌ల పై తొడుగులు ఒకదానికొకటి ఎంతగానో పోలి ఉండటంతో వాటిలో ఏది ఏదో చెప్పలేదు. డీఎన్ఏ ప్రతులను పెంచే పీసీఆర్ పరీక్ష చేసి, డీఎన్ఏ వరుసను చదివి, పాత వరుసలతో పోల్చాలి. 91 శాతం కంటే తక్కువ పోలిక ఉంటే కొత్త జాతిగా లెక్కించాలన్నది ఇప్పటి నియమం. పైగా చాలా మిరప నమూనాల్లో వైరస్‌తో పాటు బీటాశాటిలైట్ అనే చిన్న డీఎన్ఏ తునక కూడా ఉంటుంది, అది లక్షణాలను తీవ్రం చేస్తుంది. నమూనాలో వైరస్ దొరికిందంటే రోగానికి అదే కారణమని వెంటనే తీర్పు చెప్పకూడదు. ఒకే మొక్కలో రెండు మూడు వైరస్‌లు కలిసి ఉండటం మామూలే.

ఈ పరిధులు నిలకడగా ఉండవు. టమాటాలో గుర్తించిన ఢిల్లీ ఆకుముడత వైరస్ తర్వాత దోస, సొర, గుమ్మడి కుటుంబంలోకి విస్తరించి, 2012లో స్పెయిన్ దేశపు కూరగాయ తోటల్లో కూడా కనిపించింది. అందుకే పదేళ్ల కిందటి కరపత్రంలోని ఆతిథేయి జాబితాను నేటికీ పూర్తిదని నమ్మలేము.

సరిహద్దు జిల్లాలకు ఈ విషయం అన్నిటికంటే గట్టిగా తగిలేది పల్లాకు తెగులులో. పెసర, మినుము, సోయా మూడింటిలోనూ ఆకు మీద పసుపు మచ్చలు కలిసిపోయి ఆకంతా పసుపుగా పండినట్టవుతుంది. ఈ తెగులును 1960లో పెసర మీద వర్ణించారు. తెల్లదోమ మోసే ఈ తెగులుకు కనీసం రెండు వైరస్‌లు కారణం: ఒకటి దక్షిణ, పశ్చిమ భారతంలోనూ, రెండోది ఉత్తర, మధ్య, తూర్పు భారతంలోనూ ఎక్కువ. ప్రాణహిత, పెన్‌గంగ లోయలు ఈ రెండు ప్రాంతాలూ ఒకదానికొకటి తగిలే చోట ఉన్నాయి. ఒక వైరస్‌ను తట్టుకునే రకం రెండోదాన్ని తట్టుకుంటుందన్న హామీ లేదు. ధర్మాబాద్ రైతు నిజామాబాద్ బంధువు దగ్గర నుంచి తెచ్చుకున్న పెసర విత్తనం అక్కడ పచ్చగా నిలబడి ఇక్కడ పసుపెక్కితే విత్తనం నకిలీదని అనుకోవడం సహజం. విత్తనం మంచిదే అయి ఉండి, వైరస్ వేరై ఉండే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేసవి పెసర వేసిన చోట దాని పక్కనే జూన్‌లో సోయా మొలిస్తే, ఆ తెల్లదోమలకు నది కూడా దాటక్కరలేదు.

సోయా పసుపెక్కిన ప్రతిచోటా వైరస్ ఉందనీ అనుకోకూడదు. సున్నం ఎక్కువైన నల్లరేగడిలో ఇనుము అందక లేత ఆకుల ఈనెల మధ్య భాగం చాళ్లకు చాళ్లు ఒకేలా పసుపెక్కుతుంది. వైరస్ మొదట్లో అక్కడొక మొక్కలో ఇక్కడొక మొక్కలో కనిపిస్తుంది, మచ్చలకు అంచులు ఉంటాయి. పక్క వరి మడిలో కొట్టిన 2,4-డి కలుపుమందు గాలికి కొట్టుకొచ్చి పత్తి మీద పడితే ఆకులు వేళ్లలా చీలి, ఈనెలు సమాంతరంగా సాగి, అచ్చం వైరస్ పట్టినట్టే ఉంటాయి. గాలి వాలున ఉన్న పక్కే దెబ్బతిని, అవతలి పక్క బాగుంటే కారణం కలుపుమందే అని అర్థం. మరాఠీ రైతులు లాల్యా అనే పత్తి ఎర్రబారడం చాలావరకు పోషక లోపానికీ వాతావరణానికీ సంబంధించినది. దానికి వైరస్ పేరు పెట్టి మందు కొట్టడం దండగ.

గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాళ్ రైతులకు అకోలా పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, నాందేడ్ రైతులకు పర్భణి విశ్వవిద్యాలయం దిక్కు. భాష తెలిసిన సలహా కోసం వాళ్లు చూసేది హైదరాబాద్ వైపు. నమూనా ఎటు పంపినా దాన్ని తీసే పద్ధతి ఒకటే. మందు కొట్టక ముందు, ఉదయం వేళ, లక్షణం స్పష్టంగా ఉన్న లేత ఆకులను అయిదారు మొక్కల నుంచి కోయాలి. ముదిరి ఎండిన ఆకులో వైరస్ దొరకడం కష్టం. తడి లేకుండా తుడిచి, పాత వార్తాపత్రిక మడతల మధ్య పెట్టాలి, గాలాడని ప్లాస్టిక్ సంచిలో పెడితే రెండు రోజుల్లో కుళ్లి ప్రయోగశాలకు బూజు మాత్రమే చేరుతుంది. అదే చేనులో ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకులను వేరే మడతలో పెట్టాలి. గట్టు మీది కామంచి, వయ్యారిభామ ఆకులను, పచ్చగా ఉన్నా సరే, మూడో మడతలో పెట్టాలి. కాగితం అంచున పంట రకం, విత్తిన తేదీ, చుట్టుపక్కల చేలలో ఉన్న పంటలు, ఏ మూల నుంచి తెగులు మొదలైందన్నది తెలుగులోనైనా మరాఠీలోనైనా రాసి పంపాలి. మొదటి మడత చూసి ప్రయోగశాల వైరస్ పేరు చెబుతుంది, మూడో మడత చూసి అది చేనులోకి ఎటునుంచి వచ్చి ఉంటుందో చెబుతుంది.